కిలోమీటరు దాటితే మారే మార్కులు

మలేసియాలోని జొహోర్ బహ్రు నుంచి సింగపూర్‌కి సముద్రం మీద కట్టిన రోడ్డు కిలోమీటరుకి కాస్త ఎక్కువ. తెల్లారకముందే వేలమంది బైకులేసుకుని ఆ రోడ్డు దాటి సింగపూర్‌లో పనికి వెళ్తారు, రాత్రికి ఇల్లు చేరతారు. వాళ్లకు స్వేచ్ఛ ఏ ఒడ్డున ఎక్కువ?

రాజకీయం వైపు నుంచి చూస్తే, అమెరికాకు చెందిన ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థ ఏటా ఒక్కో దేశం గురించి 25 ప్రశ్నలు వేసుకుంటుంది. ప్రశ్నకు 4 మార్కులు, మొత్తం వంద. ఎన్నికలు, ప్రతిపక్షం వంటి వాటికి 40, పత్రికలు, సభలు, కోర్టుల వంటి వాటికి 60. మలేసియాలో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి గద్దె దిగని కూటమిని 2018లో ఓటర్లు దించేశారు. సింగపూర్‌లో 1959 నుంచి ఒకే పార్టీ పాలన. అయినా రెండింటికీ వచ్చేవి సగానికి కాస్త అటూ ఇటూ మార్కులే. రెండింటినీ 'పాక్షిక స్వేచ్ఛ' అని ఒకే గాటన కట్టేశారు. అందుకే నేను ఆ ముద్ర వదిలేసి, ప్రశ్నవారీగా పడ్డ మార్కులే చూస్తాను.

ఆర్థికం దగ్గర అసలు తమాషా. మార్కెట్‌ను నమ్మే అమెరికా సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ వేసే ఆర్థిక స్వేచ్ఛ సూచీలో 2020 నుంచి 2025 దాకా సింగపూర్‌దే ఫస్ట్ ర్యాంకు, మలేసియా చాలా వెనక. అందులోని 12 అంశాల్లో ప్రభుత్వ ఖర్చు ఒకటి. ఆ ఖర్చు జీడీపీలో ఎంత శాతమో చూసి, దాన్ని వర్గం చేసి, 0.03తో గుణించి, వందలోంచి తీసేస్తారు. ఖర్చు 20 శాతమైతే 88 మార్కులు, 40 శాతమైతే 52. అంటే ఖర్చు రెట్టింపైతే కోత నాలుగింతలు! డబ్బు బడికి పెట్టారా, ఫిరంగులకు పెట్టారా అన్నది ఈ సూత్రానికి అక్కర్లేదు.

ఇప్పుడు సింగపూర్‌ని దగ్గరగా చూడండి. నేలలో సింహభాగం ప్రభుత్వానిదే. అక్కడ స్థిరపడ్డవాళ్లలో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది సర్కారు కట్టిన ఫ్లాట్లలోనే, 99 ఏళ్ల లీజు మీద ఉంటారు. 55 ఏళ్లలోపు ఉద్యోగికి జీతంలో 20 శాతం కోసి, యజమాని ఇంకో 17 శాతం కలిపి, మన పీఎఫ్ లాంటి నిధిలో వేస్తారు. ఎవరి ఖాతాలో వాళ్లకే పడుతుంది కాబట్టి అది పన్ను కాదు, ప్రభుత్వ ఖర్చూ కాదు. అదే సొమ్మును పన్నుగా తీసుకుని పింఛనుగా పంచితే మార్కులు పడిపోయేవి. నెలాఖరున చేతికొచ్చే జీతం మాత్రం అంతే!

హాంకాంగ్ కథ ఇంకా విచిత్రం. హెరిటేజ్ జాబితాలో అది వరసగా 25 ఏళ్లు మొదటి స్థానంలో ఉంది. అక్కడి విధానాలను చివరికి తేల్చేది బీజింగే అంటూ 2021లో దాన్ని జాబితాలోంచే తీసేశారు. కెనడాలోని ఫ్రేజర్ ఇన్‌స్టిట్యూట్ కూడా మార్కెట్‌ను నమ్మేవాళ్లదే. వాళ్లు మాత్రం హాంకాంగ్‌ను విడిగానే లెక్కగట్టి, 2024 నివేదికలో మళ్లీ ఫస్ట్ ర్యాంకు ఇచ్చారు.