మందార పువ్వూ, మూడు తలల చీమా

ఏమర్రా పిల్లలూ,

నేను పంపిన మందారం ఫొటో చూసి "అమ్మమ్మా ఇది నిజం ఫొటోనా, కంప్యూటర్లో చేసిందా" అని అడిగారు కదా, ఫోన్లో చెప్తే సగం చెవిన పడి సగం గాల్లో పోతుందని ఉత్తరం రాస్తున్నా. నిజం పువ్వే, నిజం ఫొటోనే, కాకపోతే అది ఒక్క ఫొటో కాదు, 30 ఫొటోలు.

ముందు ఓ పని చెయ్యండి. ఒక కన్ను మూసి, రెండో కంటికి జానెడు దూరంలో వేలు పెట్టి దాని మీద గీతలు చూడండి, వెనకాల గోడ మసగ్గా ఉంటుంది. ఇప్పుడు గోడని చూడండి, వేలు మసకేసిపోతుంది. అంటే మన కన్ను కూడా ఒకసారికి ఒక దూరాన్నే సరిగ్గా చూస్తుంది, కానీ చకచకా అటూ ఇటూ తిరిగేస్తుంది కాబట్టి అన్నీ క్లియర్‌గా ఉన్నట్టే మనకి అనిపిస్తుంది. కెమెరాకి ఆ వీలు లేదు పాపం, క్లిక్‌మన్నప్పుడు ఫోకస్ ఎక్కడుంటే అక్కడే.

దగ్గరికి వెళ్ళేకొద్దీ ఈ తంటా ఎక్కువవుతుంది. చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్‌లో 1:1 అంటారు, అంటే పువ్వు మీద ఒక మిల్లీమీటరు సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద కూడా ఒక మిల్లీమీటరుగానే పడుతుందన్నమాట. అంత దగ్గర్లో ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి (పెద్ద సెన్సర్ ఉండేది) ఎఫ్8 పెట్టినా (లెన్స్ రంధ్రం సైజు చెప్పే అంకె అది, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా వచ్చే మందం ఒక్క మిల్లీమీటరు కూడా ఉండదు! మందారం మధ్యలోంచి పొడుగ్గా కాడ ఒకటి బయటికొస్తుంది చూశారా, దాని చివర అయిదు ఎర్రటి బొడిపెలు, వాటిని కీలాగ్రాలంటారు, ముట్టుకుంటే ముఖమల్ లాగా ఉంటాయి, వాటి కిందంతా పసుప్పచ్చ పుప్పొడి. ఆ బొడిపెల నుంచి పుప్పొడి అయ్యేదాకా నాకు కావాల్సిన లోతు 20 మిల్లీమీటర్లు, లెన్స్ ఇచ్చేది ఒకటి కూడా కాదు.

అపర్చర్, అంటే ఆ రంధ్రం, ఇంకా చిన్నది చేస్తే సరిపోతుంది కదా అంటారేమో, నేనూ అదే అనుకుని ఎఫ్22 పెట్టి తీశా. లోతు పెరిగింది గానీ ఫొటో మొత్తం పల్చటి గుడ్డ కప్పినట్టు వచ్చింది. రంధ్రం మరీ ఇరుకైతే వెలుతురు అందులోంచి వస్తూ వస్తూ చెదిరిపోతుంది, డిఫ్రాక్షన్ అంటారు దాన్ని, పైగా 1:1 దగ్గర ఎఫ్22 అంటే సుమారు ఎఫ్44 పెట్టినట్టే లెక్క. అందుకే ఎఫ్8 దగ్గరే ఉండి, మనకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న బొడిపె మీద ఫోకస్ పెట్టి ఒకటి, 0.7 మిల్లీమీటరు లోపలికి జరిపి ఇంకోటి, అలా 20 మిల్లీమీటర్లు అయ్యేదాకా తీస్తే 30 అయ్యాయి. ఒకదాని అంచు మీద ఇంకోటి కొంచెం ఎక్కాలి, పెంకులు నేసినట్టు, ఎక్కడైనా ఖాళీ వదిలేస్తే ఫొటో మధ్యలో మసక చార పడుతుంది, ఇక దాన్ని ఎవ్వరూ బాగుచెయ్యలేరు. అనుమానం వస్తే రెండు ఎక్కువే తియ్యండి.

ఆ తర్వాత కంప్యూటర్లో హెలికాన్ ఫోకస్ గానీ జెరీన్ స్టాకర్ గానీ, ఫొటోషాప్ ఉంటే అదైనా సరే, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఫొటోలన్నీ వేస్తే ముందు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోబెట్టి, ప్రతి ఫొటోలోనూ ఏ ముక్క స్పష్టంగా ఉందో అదే ఏరుకుని కలుపుతుంది. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. కొన్ని కెమెరాలు ఫోకస్ వాటంతట అవే జరుపుకుంటూ తీసేస్తాయి, నాది పాతది, చేత్తోనే రింగు తిప్పా. ట్రైపాడ్ ఉండాలి, ఎక్స్‌పోజర్ (ఎంత వెలుతురు పడాలో), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో ఉంచకూడదు (లేకపోతే ఒక్కో ఫొటో ఒక్కో రంగు), 2 సెకన్ల టైమర్ పెడితే వేలు తగిలిన అదురు కూడా ఉండదు. మాక్రో లెన్స్ లేకపోయినా మామూలు లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ పెట్టుకోవచ్చు, లోపల అద్దాలు ఏమీ ఉండవు, ఉత్త గొట్టం.

ఇదంతా నేర్చుకోడానికి నాకు రెండు రోజులు చాలాయి. అసలు ఇబ్బంది పెట్టింది పువ్వు! పువ్వు కదలదు అనుకుంటాం మనం. మొదటిసారి పొద్దున్నే సగం విచ్చిన మందారం పెట్టుకుని కూర్చున్నా, తీస్తూ ఉండగానే అది విచ్చుకుంటోంది, నా కంటికి తెలీలేదు గానీ స్టాక్ చేశాక చూస్తే ప్రతి రేకకీ రెండేసి అంచులు, దెయ్యం నీడల్లాగా. రెండోసారి ఫ్యాన్ ఆపడం మర్చిపోయా. మూడోసారి అన్నీ ఆపి, కిటికీకి పల్చటి తెల్ల కాగితం అంటించి వెలుతురు మెత్తగా చేసుకుని, కాడని నీళ్ళ సీసాలో పెట్టి క్లిప్పుతో బిగించి, పూర్తిగా విచ్చుకున్నాకే మొదలుపెట్టా. మందారం చాలావరకు ఒక్క రోజు పువ్వే, సాయంత్రానికి ముడుచుకోడం మొదలుపెడుతుంది, కాబట్టి మనకి దొరికే టైం ఆ మధ్యలోదే, ఊపిరి బిగబట్టి గబగబా తియ్యాలి. సెట్టింగులన్నీ ముందే ఏదో ఉత్త ఆకు మీద సరిచూసుకుని పువ్వుని ఆఖర్న తెచ్చి పెట్టుకోండి, నేను చేసింది తిరగేసి.

పుప్పొడి గింజలు గమనించారా? ఒక్కోటి మిల్లీమీటరులో దాదాపు పదో వంతు, చుట్టూ ముళ్ళు, చిన్న చిన్న బంతుల్లా. అంత దగ్గర్లో దుమ్ము కూడా బండరాళ్ళలా కనిపిస్తుంది, మెత్తటి బ్రష్‌తో ముందే దులిపేయండి.

ఇంకోటి, ఎడమవైపు కింద రేక మీద జూమ్ చేసి చూడండి. నేను తీస్తున్నంతసేపూ ఒక చీమ తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళింది, సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుసు, స్పష్టంగా కనిపించిన ప్రతిచోటి నుంచీ దాన్ని ఏరుకుంది, ఒకే ఒంటికి మూడు తలలు అతికించింది. చెరిపేద్దామనుకున్నా, మీరు కనిపెడతారో లేదో చూద్దామని వదిలేశా. ఒక్కరూ కనిపెట్టలేదు!

మీ అమ్మమ్మ