స్టేడియం హోరు ముందు, కామెంటరీ తర్వాత: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

వికెట్ పడి స్టేడియం హోరెత్తుతుంది. కామెంటేటర్ గొంతు మాత్రం ఒక క్షణం ఆలస్యంగా లేస్తుంది. చూసేవాళ్లకు చిర్రెత్తుకొస్తుంది. మనిషి మైదానంలో లేడని, ఎక్కడో స్టూడియోలో టీవీ చూస్తూ చెబుతున్నాడని అప్పుడు అర్థమవుతుంది. రిమోట్ ప్రొడక్షన్, అంటే మైదానం నుంచి సిగ్నల్ తెప్పించుకుని దూరంగా స్టూడియోలో ప్రసారం తయారు చేయడం మీద చర్చ మళ్లీ మళ్లీ రాజుకునేది ఇలాంటి చోటే. మైదానం దగ్గరే నిలబెట్టే ప్రసార వాహనాలు (ఓబీ వ్యాన్లు), డిష్‌ల కాలం అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా అసలు మలుపు దగ్గరికి వెళ్దాం.

ఆ మలుపు కరోనా అని చాలామంది అనుకుంటారు. 2020 జులై 18న దక్షిణాఫ్రికాలోని సెంచూరియన్‌లో సాలిడారిటీ కప్ క్రికెట్ మ్యాచ్ జరిగితే, ఇర్ఫాన్ పఠాన్ బరోడాలో, దీప్ దాస్‌గుప్తా కోల్‌కతాలో, సంజయ్ మంజ్రేకర్ ముంబైలో ఇళ్లలోనే కూర్చుని కామెంటరీ చెప్పారు. కరోనా తెచ్చింది అవసరాన్నే. పనిముట్టు మూడేళ్ల ముందే, 2017 ఏప్రిల్‌లో, అందరి చేతికీ వచ్చేసింది.

మాంట్రియల్‌కు చెందిన హైవిజన్ కంపెనీ ఇంటర్నెట్ మీద లైవ్ వీడియో పంపే తన ఎస్‌ఆర్‌టీ ప్రోటోకాల్ కోడ్‌ను ఓపెన్ సోర్స్ చేసింది, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలింది అప్పుడే. పెద్ద పెద్ద సైన్స్ డేటా ఫైళ్లు పంపడానికి పుట్టిన యూడీటీ అనే ప్రోటోకాల్ దీనికి పునాది. అంతకుముందు మామూలు ఇంటర్నెట్ మీద ధీమాగా లైవ్ పంపాలంటే జిక్సీ లాంటి కంపెనీల లైసెన్సులు కొనాల్సి వచ్చేది. దారిలో పోయిన ప్యాకెట్‌ను, అంటే డేటా ముక్కను, ఎస్‌ఆర్‌టీ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. అది అందేదాకా బొమ్మను అవతలి వైపు కాసేపు ఆపుతుంది. ఎంతసేపు ఆపాలో మనిషే చెప్పాలి. సెట్టింగ్స్‌లో లేటెన్సీ (ఆలస్యం) అని ఒక గడి ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోతే అందులో ఉండేది 120 మిల్లీసెకన్లు. ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయానికి మూడు నాలుగు రెట్లు పెట్టాలని ఇంజనీర్ల లెక్క. దూరదేశం లింకులో ఆ రాకపోకలకు 200 పడితే, గడిలో 800 దాకా ఉండాలి. 120 అలాగే వదిలేస్తే, పోయిన ప్యాకెట్ తిరిగొచ్చేలోపు దాని టైం దాటిపోతుంది, బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిపోతుంది.

నా దృష్టిలో ఇవాళ్టి గొడవంతా ఆ గడిలోనే ఉంది. ఆలస్యం తగ్గించమని పైనుంచి ఒత్తిడి, బొమ్మ పగలకూడదని కూడా ఒత్తిడి. మంచి ఇంటర్నెట్ లైను, దానికి తోడు రెండో లైను ఉంటే తప్ప రెండూ ఒకేసారి కుదరవు. వాటికి డబ్బు కావాలి.

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. 2018లో వీడియో సర్వీసెస్ ఫోరం అనే పరిశ్రమ సంఘం నుంచి పోటీగా రిస్ట్ అనే ఇంకో ప్రోటోకాల్ వచ్చింది. 2020 మార్చిలో లైవ్ ప్రసారాలకు వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎస్‌ఆర్‌టీ చేరింది. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ కూడా లైవ్ పంపగలిగింది. మన దగ్గర 2022 నవంబర్ కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు బ్యాక్‌ప్యాక్, మొబైల్, ఫైబర్ లాంటి వాటితో వార్తలు పంపడానికి విడిగా అనుమతి అక్కర్లేదన్నాయి. తెలుగు న్యూస్ చానళ్లలో, డిష్‌తో శాటిలైట్‌కి వార్తలు పంపే డీఎస్‌ఎన్‌జీ వ్యాన్ చేసే పని చాలావరకు రిపోర్టర్ భుజం మీది లైవ్ కిట్‌కి మారింది.

ఖర్చు తగ్గింది, ఎక్కువ భాషల్లో ప్రసారాలు ఇవ్వగలుగుతున్నాం అని మేనేజ్‌మెంట్లు అంటాయి. అది నిజమే. తెలుగు కామెంటరీ ఇంత విరివిగా వినిపించడానికి కారణం అదే, అది ఎక్కువగా వచ్చేది ముంబై స్టూడియోల నుంచే.

టెక్నీషియన్లు చెప్పేది ఇంకాస్త ఓపిగ్గా వినాలి. ఆలస్యం కొత్తేమీ కాదు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న శాటిలైట్‌కి సిగ్నల్ వెళ్లి దిగడానికే పావు సెకను పట్టేది. కానీ అప్పట్లో బొమ్మ, మైదానం సౌండ్, కామెంటరీ స్టేడియం దగ్గరే కలిసి ఒకే సిగ్నల్‌గా బయల్దేరేవి, కాబట్టి ఆలస్యమైనా మూడూ కలిసే వచ్చేవి. ఇప్పుడు స్టూడియోకి వచ్చిన బొమ్మ మీదే గొంతు కలిపితే ఇబ్బంది లేదు. ఆ గొంతును తిరిగి మైదానానికి పంపి అక్కడ కలిపితే రెండు ప్రయాణాల ఆలస్యం మీద పడుతుంది. బొమ్మ ఒక దారిలో, సౌండ్ ఇంకో దారిలో వచ్చినా తేడా కొడుతుంది. అది సరిచేయాలంటే ప్రతి దారి ఆలస్యాన్నీ కొలిచి, ముందొచ్చేదాన్ని ఆపాలి. మ్యాచ్‌కి ముందు క్లాప్ కొట్టించి సింక్ (బొమ్మ, సౌండ్ కలిసే వస్తున్నాయా లేదా) చూసే మనిషి కావాలి. సిబ్బందిని కుదించినప్పుడు ముందు పోయేది ఆ మనిషే.

కెమెరామన్‌ది ఇంకో బాధ. చెవిలో డైరెక్టర్ మాట వెంటనే పడుతుంది, కానీ దూరంగా స్టూడియోలో ఉన్న డైరెక్టర్ చూస్తున్న బొమ్మ అర సెకను పాతది. ‘పాన్ చెయ్’ (కెమెరా పక్కకి తిప్పు) అనేసరికి బంతి బౌండరీ దాటేసి ఉంటుంది. తప్పు మాత్రం కెమెరామన్ ఖాతాలో పడుతుంది.

టెక్నీషియన్లు అడుగుతున్నవి పెద్ద కోరికలేం కావు: రెండో లైను, మైదానంలో ఒక ఇంజనీరు, ప్రసారానికి ముందు సింక్ చూసుకోవడానికి ఒక గంట. ఎస్‌ఆర్‌టీ ఉచితంగా రావడంతో మిగిలిన డబ్బులో కొంత ఇటు పెడితే వాటికి సరిపోతుంది.