సైనికుడి పింఛనులో మాజీ భార్య వాటా: 1989లో పడిన చిల్లు

అమెరికాలో రిటైరైన సైనికుల పింఛనులో విడిపోయిన జీవిత భాగస్వామికి ఎంత వాటా అన్న వాదన మళ్లీ రేగింది. పంచడానికి వీల్లేదని 1981లో సుప్రీంకోర్టు మెకార్టీ కేసులో చెప్పడం, పంచొచ్చని మరుసటి ఏడాదే అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం తేవడం తెలిసిన కథే. మన దగ్గర భరణం లెక్కలోకి వచ్చే పింఛను అక్కడ ఇల్లూ వాకిలీలా పంచుకునే ఆస్తి. పదేళ్ల కాపురం ఉంటేనే వాటా అని చాలామంది అనుకుంటారు కానీ, ఆ షరతు ప్రభుత్వం నేరుగా డబ్బు పంపడానికే. వాటా ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల కోర్టుల ఇష్టం.

అసలు మలుపు 1989 నాటి మాన్సెల్ కేసు. 23 ఏళ్ల కాపురం తర్వాత ఆ దంపతులు 1979లో కాలిఫోర్నియాలో విడిపోయారు. వైమానిక దళంలో పనిచేసిన భర్త పింఛనులో కొంత వదులుకుని, ఆ మేరకు వైకల్య భత్యం తీసుకుంటున్నాడు. భత్యంపై పన్ను ఉండదు కాబట్టి చాలామంది చేసే పనే ఇది. రెండూ కలిపి సగం ఇస్తానని భార్యకు రాసిచ్చాడు. 1983లో ఆ ఒప్పందం మార్చమంటూ కోర్టుకెక్కాడు. వదులుకున్న భాగం పోగా మిగిలిన పింఛనునే పంచాలని సుప్రీంకోర్టు 7-2తో తేల్చింది. చాలామంది మాజీ భార్యలు నష్టపోవచ్చని తీర్పు రాసిన జస్టిస్ మార్షలే ఒప్పుకున్నారు. 1981 తీర్పు రాసిన బ్లాక్‌మన్ ఈసారి అసమ్మతి పక్షంలో ఉన్నారు. చిత్రమేమిటంటే, పాత డిక్రీని తిరగదోడేది లేదని కాలిఫోర్నియా కోర్టు చెప్పడంతో ఆ భార్య వాటా మాత్రం పోలేదు.

పోయింది తర్వాత వచ్చినవాళ్లకు. విడాకులై ఏళ్లు గడిచాక కూడా వైకల్య భత్యానికి భర్త దరఖాస్తు పెట్టుకుంటే చాలు, ఆమె ప్రమేయం లేకుండానే ఆమె వాటా తగ్గిపోతుంది. తగ్గినంతా భర్తే కట్టాలని కొన్ని రాష్ట్రాల కోర్టులు సర్దుబాటు చేస్తూ వచ్చాయి. 2017లో హోవెల్ తీర్పు ఆ దారీ మూసేసింది. అరిజోనాలో 1991లో విడిపోయిన ఆ భార్యకు పింఛనులో సగం వచ్చేది. 2005లో భర్తకు 20 శాతం వైకల్యం తేలాక నెలకు సుమారు 125 డాలర్లు తగ్గాయి. వాటిని పూడ్చమని భర్తను ఆదేశించడం చెల్లదని సుప్రీంకోర్టు 8-0తో చెప్పింది.

గాయపడింది తన ఒళ్లు, దానికిచ్చే పరిహారంలో వాటా ఏమిటన్నది మాజీ సైనికుల వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ 2004లో అమల్లోకి వచ్చిన మార్పు వల్ల 20 ఏళ్ల సర్వీసు, 50 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవాళ్లకు ఇప్పుడు పింఛను, భత్యం రెండూ పూర్తిగా అందుతున్నాయి. అలా తీసుకుంటే భార్య వాటా తగ్గదు. అంటే ఈ కోత ఎక్కువగా పడేది భర్త వైకల్యం తక్కువగా ఉన్న ఇళ్లలోనే.

ఇప్పటి గొడవ ఒప్పంద పత్రాల మీద. తగ్గితే పూడుస్తానని భర్త తానే రాసిచ్చి ఉంటే ఆ మాట చెల్లుతుందని 2023లో వర్జీనియా సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి షరతు లేనివాళ్లకు హోవెల్ తీర్పు చూపిన దారి ఒకటే, భరణాన్ని మళ్లీ లెక్కగట్టమని అడగడం. విడాకులప్పుడే భరణం వద్దని రాసిచ్చిన వాళ్లకు సాధారణంగా అదీ ఉండదు.