తీర్పు మరాఠీలో, ఖైదీ తెలుగువాడు

గడ్చిరోలి జిల్లా సిరోంచలో కింది కోర్టు భాష మరాఠీ. హైకోర్టు నాగపూర్ బెంచ్‌లో ఇంగ్లిష్. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఒడిశాలోని రాయగడ, గంజాం వైపు కింది కోర్టు భాష ఒడియా, హైకోర్టు కటక్‌లో. శిక్ష పడ్డ తెలుగు మనిషి తరఫున బంధువులు వకీలును మొదట అడిగేది ఒకటే: ‘రాజ్యాంగం కింద రిట్ వేయలేమా?’

ప్రాథమిక హక్కుల భంగంపై నేరుగా హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో వేసే పిటిషనే రిట్. ఆ దారి చాలా ఇరుకు. అధికార పరిధి ఉన్న కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రాథమిక హక్కుల భంగం కాదని 1966లో మిరాజ్‌కర్ కేసులో తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ మెజారిటీతో తేల్చింది. సుప్రీంకోర్టు తుది తీర్పుపై కూడా రిట్ కుదరదని 2002లో హుర్రా కేసు చెప్పింది. రివ్యూ కూడా కొట్టేశాక చివరి అవకాశంగా వేసే క్యూరేటివ్ పిటిషన్‌ను మాత్రం అనుమతించింది. 2025 ఆగస్టులో నాగపూర్‌కు చెందిన ఒక మరణశిక్ష ఖైదీ 32వ అధికరణం (సుప్రీంకోర్టులో నేరుగా రిట్ వేసే హక్కు) కింద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు ఆమోదించింది. అయితే తిరగతోడింది శిక్ష ఖరారు వరకే, నేరనిర్ధారణ అలాగే నిలిచింది. మానసిక స్థితి, జైలు నడవడిక వంటి నివేదికలు తెప్పించుకోవాలని 2022లో పెట్టిన నియమాలు ఆ కేసులో పాటించకపోవడమే కారణం.

కాబట్టి మామూలు ఖైదీకి అసలు ఆధారం అప్పీలే. అది రాజ్యాంగ హక్కుగా బలపడింది మహారాష్ట్ర నుంచి వెళ్లిన హోస్కోట్ కేసులో, 1978లో. హైకోర్టు తీర్పు నకలు జైలు సూపరింటెండెంట్‌కు చేరింది. ఖైదీకి ఇచ్చినట్టు సంతకం మాత్రం ఎక్కడా లేదు. సుప్రీంకోర్టు తలుపు తట్టేసరికి నాలుగేళ్లు దాటాయి. నకలు ఉచితంగా ఇచ్చి, రాతపూర్వక రసీదు తీసుకోవాలని, లాయరును పెట్టుకోలేనివారికి లీగల్ ఎయిడ్ అందాలని జస్టిస్ కృష్ణయ్యర్ ఆదేశించారు.

సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 404వ సెక్షన్ ప్రకారం, ఖైదీ కోరితే వీలైనంతవరకు తన భాషలోనే అనువాదం ఇవ్వాలి. అడిగితేనే వస్తుంది; అందుకే దరఖాస్తులో ‘తెలుగు అనువాదం కావాలి’ అని విడిగా రాయాలి. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని హక్కు ఇచ్చేశామనడం అన్యాయం. అలాగని అనువాదం కోసం అప్పీలు ఆపకూడదు. హైకోర్టుకు గడువు 60 రోజులు, మరణశిక్షకైతే 30. సర్టిఫైడ్ కాపీ తయారీకి పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు కాబట్టి దరఖాస్తు తేదీ, చేతికందిన తేదీ రెండూ రాసిపెట్టుకోవాలి. లాయరు లేకున్నా 424వ సెక్షన్ కింద అప్పీలు కాగితాన్ని జైలు అధికారికి ఇస్తే కోర్టుకు పంపాల్సిన బాధ్యత ఆయనదే.

సాక్ష్యం అర్థంకాని భాషలో నడిస్తే కోర్టులోనే అనువదించి వినిపించాలన్న నియమం పాత సీఆర్‌పీసీలోనూ ఉంది. ఆ అభ్యంతరాన్ని విచారణలోనే రాతపూర్వకంగా రికార్డుకెక్కించాలి. అప్పీల్లో మొదటిసారి లేవనెత్తితే ‘దానివల్ల మీకు జరిగిన నష్టమేమిటి?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఏ సాక్షి చెప్పిన ఏ మాట అర్థం కాక క్రాస్ ఎగ్జామిన్ (ఎదురు ప్రశ్నలు) చేయలేకపోయారో చూపించగలగాలి.