పది తర్వాత ఏం చేయాలి? ఓరుగల్లు ఇళ్లలో తిరిగే అపోహలు, అసలు నిబంధనలు

టెన్త్ చివరి పరీక్ష రాసి పిల్లలు బయటికి వచ్చేసరికే గేటు దగ్గర ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు కరపత్రాలతో నిలబడి ఉంటారు. హన్మకొండ అయినా, నర్సంపేట అయినా, భూపాలపల్లి అయినా ఇదే తంతు. కరపత్రంలో ర్యాంకులు ఉంటాయి, ఫొటోలు ఉంటాయి. ఏ సీటుకు ఏ అర్హత అడుగుతారు, ఆ సీటును ఎవరు, ఏ లెక్కన నింపుతారు అన్నది మాత్రం ఉండదు. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. కోర్సు మంచిదా కాదా అని నెలంతా వాదించుకుంటారు గానీ, ఆ కోర్సు నిబంధన ఒక్కసారి చదవరు. కౌన్సెలింగ్‌కు వచ్చే తల్లిదండ్రుల నోట తరచూ వినపడే మాటలను తీసుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

అపోహ: "పాలిటెక్నిక్ అంటే ఇంటర్ చదవలేనోళ్లు పోయేది."

పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమాకు పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంజినీరింగ్ డిప్లొమాలకు లెక్కలు 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, మొత్తం 120 మార్కులు. వ్యవసాయ డిప్లొమాల వైపు వెళ్లాలంటే బయాలజీ 30 కూడా రాయాలి, అప్పుడు లెక్కల మార్కులను సగానికి కుదించి ర్యాంకు ఇస్తారు. సిలబస్ అంతా పదో తరగతిదే, నెగెటివ్ మార్కులు లేవు. అందుకే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. అర్హతకు 30 శాతం, అంటే 36 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ హద్దు కూడా లేదు. అయితే అర్హత వేరు, సీటు వేరు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్ కావాలంటే మంచి ర్యాంకే రావాలి.

డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఈసెట్ 200 మార్కులకు ఉంటుంది: ఇంజినీరింగ్ సబ్జెక్టు 100, లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. టెన్త్ తర్వాత మూడేళ్లు, ఆపైన మరో మూడేళ్లు, మొత్తం ఆరేళ్లలో డిప్లొమా, బీటెక్ రెండూ చేతికొస్తాయి. ఇంటర్ మీదుగా పోయినా ఆరేళ్లే, కానీ ఆ దారిలో మధ్యలో ఆగిపోతే చేతిలో ఇంటర్ మెమో ఒక్కటే ఉంటుంది.

మరి దెబ్బ ఎక్కడ తగులుతుంది? మొదటి ఏడాదిలో. జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇంగ్లిష్‌లో ఇంజినీరింగ్ మ్యాథ్స్, ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఒక్కసారే మీద పడతాయి. బ్యాక్‌లాగ్‌లు (తప్పి మళ్లీ రాయాల్సిన సబ్జెక్టులు) మొదట పేరుకునేది ఈ రెండింట్లోనే. టెన్త్ ఫలితాలకూ తరగతులు మొదలవడానికీ మధ్య దొరికే వారాల్లో త్రికోణమితి, సంవర్గమానాలు తిరగేస్తే ఆ దెబ్బ సగం తగ్గుతుంది. రెండోది హాజరు: 75 శాతం ఉండాలి. 65 దాకా మినహాయింపు రుసుముతో గట్టెక్కొచ్చు, అంతకు తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే.

వ్యవసాయ పాలిటెక్నిక్ రెండేళ్లు. దాన్ని ముగించి అగ్రిసెట్ రాస్తే బీఎస్సీ అగ్రికల్చర్‌లోకి వెళ్లొచ్చు. ఊళ్లలో ఈ దారి తెలిసినవాళ్లు తక్కువ.

అపోహ: "ఐటీఐ ఏమీ దిక్కు లేకపోతే."

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి టెన్త్‌తో పాటు నిర్ణీత ట్రేడులో (ఐటీఐలో నేర్పే పనివిద్య కోర్సులో) ఐటీఐ గానీ, ఇంజినీరింగ్ డిప్లొమా లేదా డిగ్రీ గానీ ఉండాలి. ఇంటర్‌లో 980 వచ్చినా, బీఏ చేసినా దరఖాస్తుకు పనికిరాదు. కాజీపేట చుట్టుపక్కల రైలు చూడని ఇల్లు లేదు, అయినా ఈ సంగతి తెలియక పిల్లలు డిగ్రీ అయ్యాక తిరిగొచ్చి ఐటీఐలో చేరుతున్నారు. హన్మకొండలోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకూ టెన్త్‌తో పాటు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ, లేదంటే ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అడుగుతారు. వీటికి స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది.

లోకో పైలట్ కల ఉన్నవాళ్లు ట్రేడు ఎంచుకునే ముందు కంటి పరీక్ష చేయించుకోవాలి. దీనికి అడిగేది ఏ-1 వైద్య ప్రమాణం: అద్దాలు లేకుండా రెండు కళ్లకూ దూరపు చూపు 6/6 ఉండాలి, రంగులు సరిగ్గా గుర్తుపట్టాలి. లేజర్ ఆపరేషన్‌తో అద్దాలు తీసేయించుకున్నా ఒప్పుకోరు. రెండేళ్లు ఐటీఐ, మరో రెండేళ్లు కోచింగ్ అయ్యాక మెడికల్‌లో తిప్పిపంపితే ఎవరిని అడుగుతాం?

ఐటీఐ చేరికకు ప్రవేశ పరీక్ష లేదు, టెన్త్ మార్కుల మీద ఆన్‌లైన్‌లో సీటు ఇస్తారు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. వెల్డర్, కంప్యూటర్ ఆపరేటర్ ఏడాది. ప్రైవేటు ఐటీఐలో చేరేముందు ఒక్కటి చూడండి: ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఐటీఐ మొత్తానికి ఒకేసారి రాదు, ట్రేడు వారీగా, యూనిట్ల వారీగా వస్తుంది. బోర్డు మీద గుర్తింపు పొందినదని రాసి ఉన్నా, మీ పిల్లవాడు చేరే ట్రేడుకు ఉందో లేదో పోర్టల్‌లో చూసుకోవాలి. హాజరు 80 శాతం లేకపోతే ఆఖరి ట్రేడ్ టెస్టుకు కూర్చోనివ్వరు.

చేతిపని అంటే లెక్కలతో పనిలేదన్నది ఇంకో భ్రమ. ఫిట్టర్ ట్రేడులో మొదటి నెలలన్నీ బెంచ్ వైస్ ముందు ఆకురాయి పట్టుకుని ఇనుప దిమ్మెను చదునుచేయడమే. ఆ పనిని 0.02 మిల్లీమీటర్ల దాకా చూపే వెర్నియర్‌తో, 0.01 దాకా చూపే మైక్రోమీటర్‌తో కొలుస్తారు. దశాంశాలు రాని పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు.

రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. సీఎన్‌సీ మెషినింగ్, ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కొత్త ట్రేడులు అందులో ఉన్నాయి. పాత ట్రేడు సీటు తీసుకునే ముందు మీ దగ్గరి సెంటర్లో ఇవి ఉన్నాయేమో అడగండి. ఐటీఐ తర్వాత చదువు ఆగిపోతుందని కూడా అనుకోవద్దు. ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది.

అపోహ: "ఇంటర్‌కు విజయవాడ పంపిస్తేనే ర్యాంకు వస్తది."

ర్యాంకు వస్తుందనే అనుకుందాం. ఆ ర్యాంకుతో సీటు ఎక్కడ, ఏ కోటాలో వస్తుందన్నది ముందు చూడాలి.

జేఈఈ ర్యాంకుతో చేరే కేంద్ర ఇంజినీరింగ్ సంస్థలు ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. సొంత రాష్ట్రం అంటే ఆధార్‌లో ఉన్నది కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో అది. ఫాతిమానగర్‌లో, ఎన్ఐటీ గోడ పక్కనే ఇల్లున్నా సరే, ఇంటర్ విజయవాడలో పాసైతే మన వరంగల్ ఎన్ఐటీలో ఆ పిల్లవాడు వేరే రాష్ట్రం కింద లెక్క.

ఎంబీబీఎస్ సంగతి ఇంకా కఠినం. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య వర్సిటీ నింపే కన్వీనర్ కోటాలో (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లలో) లోకల్ కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి, ఇంటర్ పరీక్ష కూడా ఇక్కడే పాసవ్వాలి. 2024లో వచ్చిన ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపులున్నాయి. రైతు బిడ్డకు, వ్యాపారి బిడ్డకు లేవు. బైపీసీ కోసం పిల్లను రాష్ట్రం దాటించే ముందు ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరూ చదవాలి.

ప్రభుత్వ ఉద్యోగాల స్థానికత వేరే లెక్క. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివితే అదే మీ జిల్లా. కాబట్టి ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాదికీ బోనఫైడ్ తీసి ఫైలులో పెట్టండి. ప్రైవేటు బడులు మూతపడ్డాక రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.

అపోహ: "బైపీసీలో నీట్ పోతే రెండేళ్లు బూడిదే."

నీట్ ఒక్కటే రాసి ఇంట్లో కూర్చుంటే నిజమే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఇంజినీరింగ్ వాళ్లదని బైపీసీ పిల్లలు వదిలేస్తున్నారు. ఫార్మసీ, బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, బీఎస్సీ నర్సింగ్ సీట్లకు చూసేది ఆ ర్యాంకే. 160 ప్రశ్నల్లో సగం బయాలజీవి, నెగెటివ్ మార్కులు లేవు, నీట్‌కు చదివిందే చాలు.

వ్యవసాయ వర్సిటీ సీట్లలో 40 శాతం రైతు కుటుంబాల పిల్లలకు. ఇంటర్ లోపు కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని ఊళ్లో చదివి ఉండాలి, కన్నవాళ్ల పేరిట ఎకరమైనా ఉండాలి. ఉత్తర తెలంగాణ పల్లెలకు ఇంతకంటే అనుకూలమైన కోటా లేదు. అయినా జారిపోతున్నది రెండు చోట్ల. భూమి ఇంకా తాత పేరు మీదే ఉంటుంది, విరాసత్ (వారసుల పేరిట భూమి మార్పు) చేయించి ఉండరు. లేదా ఊరి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోరు. ఇంకోటి, ఈ సీట్లు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో రావు. వర్సిటీ వేరేగా నోటిఫికేషన్ ఇస్తుంది, వేరేగా దరఖాస్తు చేయాలి. వరంగల్, జగిత్యాల, సిరిసిల్లలో వ్యవసాయ కాలేజీలున్నాయి.

అపోహ: "ఎప్‌సెట్‌లో ఇంటర్ వెయిటేజీ తీసేశారు, ఇంక పాసైతే చాలు."

తీసేసింది ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు ఇచ్చే 25 శాతం వెయిటేజీని, అర్హతను కాదు. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం రావాలి. ఎంపీసీలో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 600కు 270 అన్నమాట. రిజర్వుడు వర్గాలకు 240. ఎన్ఐటీకి అయితే మొత్తం మీద 75 శాతం గానీ, బోర్డులో టాప్ 20 పర్సంటైల్ గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. మంచి జేఈఈ ర్యాంకు చేతిలో పెట్టుకుని సంస్కృతంలో, ఇంగ్లిష్‌లో పోయిన మార్కుల కోసం బెటర్‌మెంట్ రాసేవాళ్లు ప్రతి ఏటా కనిపిస్తారు.

అపోహ: "బీఈడీ చేస్తే ఏ బడిలోనైనా టీచర్ కావచ్చు."

ఒకటి నుంచి ఐదు తరగతులకు కాదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆ తరగతులు చెప్పే ఎస్జీటీ పోస్టులకు డీఈడీ (ప్రాథమిక విద్య డిప్లొమా) ఉండాల్సిందే. ఇంటర్ అయ్యాక డీసెట్ రాసి రెండేళ్లు డైట్‌లో (జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో) చదివితే డీఈడీ వస్తుంది.

అపోహ: "ఫీజు మొత్తం సర్కారే కడతది."

మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఒక్క రూపాయి రాదు. కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ చేరిన బీసీ, ఈబీసీ పిల్లలకు ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు అయితే మొత్తం ఫీజు, దాటితే 35,000 వరకే. మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవాలి. కాలేజీ ఫీజు లక్ష ఉంటే నాలుగేళ్లకు 2,60,000 చేతి నుంచి పోతుంది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు పక్కనే ఈ తేడా కూడా రాసుకోండి. బీసీలకు కుటుంబ ఆదాయం ఊళ్లలో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. మీసేవ ఆదాయ ధ్రువపత్రంలో పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఈపాస్ (ఫీజు, స్కాలర్‌షిప్‌ల పోర్టల్) దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. డబ్బులు విడుదల కావడం కూడా ఆలస్యమవుతుంటుంది, ముందుగా కట్టమని కాలేజీ అడిగే రోజులుంటాయి.

డిగ్రీకి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ ద్వారా చేరాలి. కాకతీయ, శాతవాహన, తెలంగాణ వర్సిటీల కాలేజీలు దాదాపు అన్నీ దాంట్లోనే ఉంటాయి. మొదటి విడత రిజిస్ట్రేషన్ 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. సీటు వచ్చిందన్న మెసేజ్ చూసి ఊరుకుంటే సీటు పోతుంది, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. మీ తరఫున మేమే చేస్తామని ఎవరైనా ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. ఓటీపీ చెప్పిన మరుక్షణం ఆప్షన్లు వాళ్ల కాలేజీకి పడిపోతాయి. అసలు మెమో, టీసీ కూడా అంతే. సీటు ఖరారై కాలేజీలో రిపోర్టు చేసే రోజు వరకు అవి ఇంట్లోనే ఉండాలి, అడిగినవాళ్లకు జిరాక్సులు చాలు.