పెద్ద మామ్మకి పరీక్షలు పెట్టకండర్రా

పిల్లలూ,

మొన్న ఆదివారం సాయంత్రం జరిగిందంతా మా వరండాలోంచి చూశాను. మీరు నలుగురైదుగురు మా అక్క కుర్చీ చుట్టూ చేరి "మామ్మా, నేనెవరో చెప్పుకో చూద్దాం" అని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అడుగుతున్నారు, తనేమో అందరి మొహాలూ చూస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, జవాబు రాని పిల్లలు క్లాసులో నవ్వే నవ్వది. మీరు వెళ్ళిపోయాక లోపలికొచ్చి చాలాసేపు ఏడ్చింది, ఎందుకేడుస్తున్నావే అంటే అదీ గుర్తులేదు. మిమ్మల్ని తిట్టడానికి రాయట్లేదు, అసలు తన మతిమరుపు జబ్బు గురించి మీకెవరూ ఏమీ చెప్పకపోవడం పెద్దవాళ్ళం మాదే తప్పు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదవుద్ది, సెలవులే కదా, చదవండి.

మీకు పెద్ద మామ్మంటే గేటు దగ్గర కూర్చునే ముసలావిడ. నాకు మాత్రం తను టెలిఫోన్ ఆపరేటరు. ఇస్త్రీ చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని నైట్ డ్యూటీకి వెళ్తుంటే వీధంతా చూసేది. ట్రంక్ కాల్ అంటే మీకు తెలీదులెండి, అప్పట్లో బెజవాడ నుంచి మద్రాసు మాట్లాడాలంటే ముందు ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి బుక్ చేసుకోవాలి, ఆర్డినరీయా అర్జెంటా, పీపీయా, అంటే ఫలానా మనిషితోనే మాట్లాడాలా అని వాళ్ళడిగేవాళ్ళు, తర్వాత ఫోన్ పక్కనే కూర్చుని ఎదురుచూడ్డమే. మధ్యలో తలకి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఊరినీ ఈ ఊరినీ కలిపేది మా అక్కలాంటి వాళ్ళు. పెళ్ళి కబురైనా చావు కబురైనా వాళ్ళ చేతుల మీదుగా పోవాల్సిందే.

అలాంటి మనిషి అయిదేళ్ళ కిందట పప్పులో ఉప్పు రెండుసార్లు వెయ్యడం మొదలుపెట్టింది. కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికేది. చెప్పిందే చెప్పడం, అడిగిందే అడగడం. చుట్టాలు చాదస్తం అన్నారు, ఒకావిడ తాయెత్తు కట్టించమంది, నేనూ వయసు కదా అని ఊరుకున్నాను, ఆ ఊరుకోవడంలో దగ్గర దగ్గర ఏడాదిన్నర పోయింది. చివరికి మా కోడలే, మా అక్క కోడలు లెండి, పట్టుబట్టి న్యూరాలజీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ముందు బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు రాశాడు, ఎందుకంటే ఆ రెండూ తేడా చేసినా మతిమరుపు వస్తది, మందులేస్తే చాలామందికి తగ్గుతది. అవి బాగానే ఉన్నాయి. అప్పుడు స్కానింగ్, తర్వాత కాగితం మీద గడియారం గియ్యమన్నాడు. మా అక్క గుండ్రంగా గీసి, అంకెలన్నీ ఒకే పక్కకి కుక్కేసింది. పక్కన కూర్చున్న నాకు చెయ్యి చల్లబడిపోయింది.

డిమెన్షియా అన్నారు. అది ఒక్క జబ్బు పేరు కాదు, జ్వరం అన్నట్టు, జ్వరానికి వంద కారణాలుండొచ్చు కదా, అలాగన్నమాట. దాంట్లో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్స్, మా అక్కదీ అదే. ఆ పేరు ఒక జర్మనీ డాక్టరుది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టె అనే ఆవిడ వచ్చింది, 51 ఏళ్ళే. నీ పేరేంటి అంటే ఆగస్టె అంది, మీ ఆయన పేరేంటి అన్నా ఆగస్టే అంది. 1906లో ఆవిడ పోయాక అల్జీమర్ ఆవిడ మెదడుని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు, మామూలుగా ఉండకూడనివి పేరుకుపోయి కనపడ్డాయి, 1910లో ఆ జబ్బుకి ఆయన పేరే పెట్టారు. వందేళ్ళు దాటినా పూర్తిగా నయం చేసే మందింకా లేదు, కొన్నాళ్ళు కాస్త నిలకడగా ఉంచే మాత్రలున్నాయి, మా అక్క అవే వేసుకుంటోంది. మన దేశంలో 60 దాటినవాళ్ళలో దాదాపు 88 లక్షలమందికి డిమెన్షియా ఉందని లెక్క కట్టారు, అంటే మన వీధిలో మా అక్క ఒక్కతే అనుకోకండి, కొన్ని ఇళ్ళల్లో బయటికి చెప్పుకోరు, అంతే.

ఇది అంటుకోదు. తను కావాలని చేస్తున్నదీ కాదు. మీకర్థమయ్యేలా చెప్పాలంటే, తడి బోర్డు మీద సుద్దముక్కతో రాస్తే అక్షరం పడుద్దా? పడదు. కొత్త సంగతులు మా అక్కకి అలాగే, పొద్దున తిన్న ఇడ్లీ, నిన్నొచ్చిన మనిషి, మీ పేర్లు, ఏవీ పడవు. కానీ పాత బెంచీల మీద కాంపాస్‌తో చెక్కిన పేర్లుంటాయి చూడండి, అవి అంత తొందరగా పోవు. చిన్నప్పటివి, చేతులకి అలవాటైనవి, పాటలు, ఇవన్నీ ఆ బెంచీ మీది చెక్కుళ్ళు. కొన్నాళ్ళకి అవీ అరుగుతాయనుకోండి, ఇప్పుడప్పుడే ఎందుకులే ఆ మాట.

అందుకే నేనెవరో చెప్పుకో అని అడగొద్దంటున్నా. అది తడి బోర్డు మీద పెట్టే పరీక్ష. 34 ఏళ్ళు లెక్కల పరీక్షలు పెట్టినదాన్ని, మొదట్లో నేనే రోజూ పెట్టేదాన్ని, ఇవాళ ఏ వారం అక్కా, టిఫిన్ ఏం తిన్నావు, ఎవరొచ్చారు చెప్పు అని, అడిగితే మెదడు పదునెక్కుతుందని నా తెలివి. పదునెక్కలేదు సరికదా నన్ను చూస్తేనే మొహం తిప్పుకోవడం మొదలెట్టింది. డాక్టరు పరీక్ష పెడితే అది ఆయన పని, ఇంట్లోవాళ్ళకీ వీధిలోవాళ్ళకీ ఆ పని లేదు. మీరేం చెయ్యాలంటే, ఎదురుగా వెళ్ళి, వెనకనుంచి కాదు ఉలిక్కిపడుద్ది, "మామ్మగారూ నేను ఎదురింటి కుర్రాణ్ణి, టెన్త్ చదువుతున్నా" అని మీరే చెప్పండి. గంటలో పదిసార్లు చెప్పాల్సొస్తే పదిసార్లూ చెప్పండి, తనకి ప్రతిసారీ మొదటిసారే.

సాయంత్రం అయిదున్నర దాటితే తనకి కంగారు మొదలవుద్ది, ఇలాంటివాళ్ళలో చాలామందికి పొద్దుగూకే వేళ అంతే. "డ్యూటీకి టైమైపోయింది, సూపర్‌వైజర్ తిడుతుంది" అని గుమ్మం దగ్గర నిలబడుద్ది. రిటైరయ్యి ఇరవై ఏళ్ళవుతోందక్కా అని నేను లెక్క చెప్పేదాన్ని, అది రోజూ కొత్త వార్తే, రోజూ అదే దెబ్బ. మా కోడలు చదువుకుంది తక్కువే గానీ నాకన్నా తెలివైంది, ఒకరోజు ఏమందంటే "ఇవాళ మీకు వీక్లీ ఆఫ్ కదత్తయ్యా, రండి కాఫీ తాగుదాం" అంది. అంతే, చెప్పులు విప్పేసి వచ్చి కూర్చుంది! వారానికి ఏడు వీక్లీ ఆఫ్‌లు ఇస్తున్నాం ఇప్పుడు, గవర్నమెంటు ఉద్యోగంలో కూడా లేదు అంత సుఖం. అబద్ధం కాదా అని మీలో ఒకళ్ళు అడిగారు. ఏమో, నాకు అబద్ధంలా అనిపించట్లేదు.

రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒకసారి ఎవరూ చూడకుండా గేటు తీసుకుని వెళ్ళిపోయింది. గంటన్నర వెతికాం. ఎక్కడ దొరికిందంటే బీఆర్‌టీఎస్ రోడ్డు మీద, పక్కకి నిలబడి ఎదురుచూస్తోంది, దేనికో తెలుసా, రైలు గేటు తియ్యడానికి! మీకు అది రోడ్డేగానీ ఒకప్పుడు సత్యనారాయణపురం మధ్యలోంచి రైలు పట్టాలుండేవి, గేటు పడిందంటే డ్యూటీకి లేటే. ముంతమసాలా బండి అబ్బాయి ఒకడు గమనించాడు. ఏ గేటండీ, పిచ్చా అనలేదు. "గేటు తీసేదాకా కూర్చోండమ్మా" అని స్టూలేసి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా మాటల్లో పెట్టి చేతిసంచిలో ఉన్న చీటీ చూసి మాకు ఫోన్ చేశాడు. వాడికెవరు నేర్పారో, ట్రైనింగిచ్చినా అంత బాగా చెయ్యరు.

మీకూ ఎప్పుడన్నా ఇలా దారితప్పిన పెద్దవాళ్ళు కనపడితే అదే చెయ్యండి. గుంపుగా ముసరొద్దు, ఒక్కళ్ళే మాట్లాడండి, ఒకసారికి ఒకే మాట అడగండి, జవాబుకి టైమివ్వండి. సంచిలో, గాజుకి, మెడలో నంబరేమన్నా ఉందేమో చూడమని ఎవరన్నా పెద్దవాళ్ళకి చెప్పండి. ఏమీ దొరక్కపోతే 112. పెద్దవాళ్ళ కోసమే 14567 అని ఎల్డర్‌లైన్ కూడా ఉంది, డబ్బులు పడవు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తీస్తారు, దారితప్పినవాళ్ళకే కాదు, పింఛను గొడవలకీ ఇంట్లో బాధలకీ కూడా. ఆ రోజు తర్వాత మేం సిగ్గు పక్కనపెట్టి టీ కొట్టుకి, పూలమ్మికి, ఆటో స్టాండుకి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లకి అందరికీ మా అక్క ఫోటో, మా నంబరు ఇచ్చాం. ముందే ఇవ్వాల్సింది.

ఇక బుధవారం బుధవారం మేం కలిసే సంగతి. నెదర్లాండ్స్‌లో 1997లో మీసెన్ అని ఒక సైకాలజిస్టు అల్జీమర్ కేఫ్ అని మొదలుపెట్టాడు, జబ్బున్నవాళ్ళూ ఇంట్లోవాళ్ళూ నెలకోసారి ఒకచోట చేరి కాఫీ తాగుతూ దాని గురించి దాచుకోకుండా మాట్లాడుకోవడం, అంతే. అది చాలా దేశాలకి పాకింది. మన దగ్గర ఏఆర్‌డీఎస్ఐ అని 1992లో కేరళలో పుట్టిన సంస్థ ఈ జబ్బున్నవాళ్ళ కోసమే పనిచేస్తోంది, హైదరాబాద్‌లోనూ వాళ్ళ శాఖ ఉంది. మేం అంతంత పెద్దవాళ్ళం కాదు. వీధి చివర గుడి మండపంలో, ఇలాంటి మనుషులున్న మూడిళ్ళవాళ్ళం బుధవారం బుధవారం కలుస్తున్నాం. సాయంత్రం కంగారు కాబట్టి పొద్దున ఎనిమిదికే, ఎండ ముదరకముందే. ఒక ఫ్లాస్కు కాఫీ, ఒక చాప, రెండు మూడు కుర్చీలు.

అక్కడ ఏం చేస్తామంటే పెద్దగా ఏం చెయ్యం. పువ్వులు ముందు పోస్తే మాల కట్టేస్తారు, వేళ్ళు వాటంతటవే తిరుగుతాయి. చిక్కుళ్ళు ఈనెలు తీస్తారు. ఒకాయన బ్యాంకులో క్యాషియర్‌గా చేశారు, ఆయనకి చిల్లర డబ్బా ఇస్తే రూపాయలూ రెండ్రూపాయలూ వేరుచేసి దొంతర్లు పెడతారు, అయిపోయాక మళ్ళీ కలిపిచ్చినా కోపం రాదు. వామనగుంటలు ఆడితే మా అక్క నన్ను ఓడిస్తది, దొంగాట ఆడి మరీ. పొద్దున ఆకాశవాణి భక్తిరంజని వింటూ పెరిగినవాళ్ళే అందరూ, ఆ పాటలు పెడితే అరగంటగా నోరు తెరవని మనిషి కూడా చరణం చరణం పాడతారు. మొన్న ఆవకాయ ముక్కలు తుడవమని ఇచ్చాం, నూజివీడు నుంచి తెచ్చిన కాయలు, పొడి గుడ్డతో ఒక్కో ముక్కా తడి లేకుండా తుడిచి, లోపలి పొర తీసి పక్కన పెట్టింది మా అక్క, ఒక్కటి కూడా తప్పు లేదు. ఉప్పు డ్యూటీ మాత్రం ఇవ్వలేదు.

ఎండలు చూస్తున్నారుగా, ఇలాంటివాళ్ళలో చాలామందికి దాహం తెలీదు, తెలిసినా చెప్పలేరు, ఒంట్లో నీళ్ళు తగ్గితే ఉన్న మతి కూడా ఒక్కరోజులో తలకిందులవుద్ది. మజ్జిగ కావాలా అని అడగొద్దు, వద్దనే అంటారు. గ్లాసు చేతిలో పెట్టి, మీరొకటి పట్టుకుని ఎదురుగా తాగండి, చూసి తాగుతారు. దసరాల్లో మూలా నక్షత్రం రోజు దుర్గమ్మ కొండ మీదికి తీసుకెళ్దామని ఒకసారి బుద్ధి గడ్డి తిని బయల్దేరాం, ఆ జనంలో బెదిరిపోయింది, ఇప్పుడు మామూలు రోజు తెల్లవారుజామునే వెళ్ళొస్తున్నాం, అమ్మవారేం అనుకోలేదు.

మండపంలో మూలగా కూర్చుని కళ్ళు మూసుకునే మనిషి మా కోడలు. రాత్రి మూడుసార్లు లేస్తది పాపం, అత్తగారు లేస్తే తనూ లేవాలి కదా. ఆవిడకి మీరు సలహాలేం ఇవ్వక్కర్లేదు, చుట్టాలు చాలినన్ని ఇచ్చారు. మీరొచ్చి గంట కూర్చుంటే ఆవిడ గంట నిద్రపోద్ది. నాకు ఈ జబ్బు కన్నా ఆవిడ కళ్ళ కింద నలుపు చూస్తేనే భయంగా ఉంటది.

ఇంకోటి చెప్పాలి. పోయిన వారం మీలో చిన్నది, రెండు జడల పిల్ల, ఏమీ అడక్కుండా వచ్చి మా అక్క పక్కన కూర్చుని అరచెయ్యి చెవికి పెట్టుకుని ఊరికే "హలో" అంది. మా అక్క నడుం నిటారుగా పెట్టి "ఏ ఊరు కావాలండీ?" అంది. ఆ పిల్ల "ఒంగోలు" అంది, వాళ్ళ అమ్మమ్మగారి ఊరులెండి. "08592. అర్జెంటా, ఆర్డినరీయా?" అర్జెంట్ అంది పిల్ల. "లైన్ బిజీగా ఉందండీ, హోల్డ్ చెయ్యండి" అని మా అక్క కళ్ళు మూసుకుని కాసేపు ఆగి, "మాట్లాడండి, ఒంగోలు లైన్లో ఉంది" అంది. తర్వాత గుంటూరు 0863, నెల్లూరు 0861, వైజాగ్ 0891, అన్నీ కలిపింది, ఒక్క రాంగ్ నంబరు లేదు. ఇది పరీక్ష కాదా టీచర్ మామ్మా అంటారేమో, కాదు, అక్కడ అడిగేది తను, మీరు ఫోన్ చేసిన పార్టీ అంతే.

వచ్చే బుధవారం ఇదే ఆడదాం. మీ ఇళ్ళల్లో అటక మీద పాత డయల్ ఫోన్ ఏమన్నా ఉంటే తీసుకురండి, వైరు తెగిపోయినా పర్లేదు. ఎనిమిదికల్లా రండి, తొమ్మిదిన్నరకి ఎండెక్కుద్ది.

ఇట్లు,
మీ టీచర్ మామ్మ
సత్యనారాయణపురం