‘ద త్రో’ ఇంకా ఇంగ్లీషు ఎందుకు కాలేదు?

అరువు పదబంధాలను అధికారిక రాతల్లోంచి తీసేయాలా అన్న తగాదా ఇంగ్లీషు లోకంలో ఆరినట్టే ఆరి మళ్లీ మళ్లీ రాజుకుంటోంది. 2008లో ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ నగర పాలక సంస్థ కొన్ని లాటిన్ మాటలు వాడవద్దని సిబ్బందికి చెప్పినప్పుడు లాటిన్ పండితులు భగ్గుమన్నారు. 2016లో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు లాటిన్ సంక్షిప్తాలను వదులుకోవడం మొదలుపెట్టింది. చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటిని తప్పుగా పలుకుతోందన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. 2022లో న్యూజిలాండ్ ఏకంగా సరళ భాషా చట్టమే చేసింది. గొడవంతా లాటిన్ చుట్టూ నడిచినా, నా దృష్టిలో అసలు పరీక్ష ఫ్రెంచి మాటలది. అందులోనూ మితిమీరినదాన్ని, అక్కర్లేనిదాన్ని, అక్కర్లేని మనిషిని సూచించే మాటలది.

1066లో ఇంగ్లండ్‌ను జయించిన, ఫ్రెంచి మాట్లాడే నార్మన్ల కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. ఆ దారిన వచ్చిన సర్‌ప్లస్, సర్ఫిట్ వంటి మాటలకూ ‘అతి’, ‘మిగులు’ అనే అర్థాలే. వాటి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, ఎందుకంటే అవి ఇంగ్లీషులో కలిసిపోయాయి. కానీ 18వ శతాబ్దంలో వచ్చిన ‘ద త్రో’ (ఉండకూడని చోట ఉన్న, అక్కర్లేని), ‘ఊత్రే’ (హద్దు మీరిన) మాత్రం ఈనాటికీ ఫ్రెంచి ఉచ్చారణతోనే, తరచు వాలు అక్షరాల్లోనే కనిపిస్తాయి. ఈ తేడాకు మూలం 1660లో ఉంది.

ఆ ఏడాది మే నెలలో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ప్రవాసం నుంచి లండన్‌కు తిరిగి వచ్చాడు. తల్లి ఫ్రెంచి రాకుమారి. ప్రవాసంలో కొన్నేళ్లు ఫ్రాన్స్‌లోనే గడిచాయి. వెంట వచ్చిన ఆస్థానానికి ఫ్రెంచి మాట్లాడటం హోదాకు గుర్తు అయింది. నార్మన్ల కాలంలో ఫ్రెంచి మాట పాలనతో పాటు వచ్చి జనంలో కలిసింది. ఇప్పుడు మాత్రం ఫ్రెంచి మాట ఫ్రెంచిలాగే వినిపించాలి, లేకపోతే దానికి విలువ లేదు.

ఆ మోజును నాటకకర్త డ్రైడెన్ 1673లో అచ్చయిన ‘మ్యారేజ్ ఆ లా మోడ్’ నాటకంలో పట్టుకున్నాడు. అందులో మెలాంథా అనే ఆమెకు పనిమనిషి రోజూ కొత్త ఫ్రెంచి మాటల జాబితా తెచ్చివ్వాలి. పద్నాలుగో పదిహేనో మాటలతో రోజంతా ఎలా నెట్టుకు రావాలని ఆమె వాపోతుంది. ఆనాడు ప్రేక్షకులను నవ్వించిన ఆ జాబితాలోని షగ్రిన్, ఫాయిబుల్, గ్రిమేస్, నైవ్ ఇప్పుడు మామూలు ఇంగ్లీషు మాటలు. భాషకు అవసరమైనవాటిని జనమే ఉంచుకున్నారన్నమాట. ఈ వాస్తవాన్ని అరువు మాటల సమర్థకులు తమకు అనుకూలంగా చూపుతారు. అది న్యాయమే. కానీ జనం ఉంచుకున్నవన్నీ ఫ్రెంచి వేషం విడిచినవి. విడవనివి ఎందుకు విడవలేదన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

జవాబు 1711లో దొరుకుతుంది. ఆ సెప్టెంబరులో ‘స్పెక్టేటర్’ పత్రికలో వ్యాసకర్త అడిసన్ ఒక ఉత్తరం సంగతి రాశాడు. యుద్ధానికి వెళ్లిన కొడుకు ఇంటికి రాశాడు, రాతంతా ఫ్రెంచి సైనిక పదాలే. ఏదో పెద్ద వార్త ఉందని తండ్రికి తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు. ఊరి చర్చి గురువు దగ్గరికి పట్టుకెళ్తే, తనకు అర్థం కానిది కనబడినందుకు ఆయన మండిపడి, కుర్రవాడి మతి స్థిమితంగా ఉంటే బాగుండునన్నాడు. ఆ మతిస్థిమితం మాట అన్నది లాటిన్‌లో. తన కొడుకు రాసిన ఉత్తరం ముందు ఆ తండ్రి పరాయివాడైపోయాడు. బోర్న్‌మత్ తగాదాలో పండితుల బాధకు దక్కిన చోటు ఇలాంటి తండ్రులకు దక్కలేదు.

1755లో నిఘంటువు ముందుమాటలో జాన్సన్, ఇలాగే సాగితే మనం ఫ్రాన్స్ యాసలో వదరాల్సి వస్తుందని హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. 1774లో అచ్చయిన చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు ఉత్తరాల్లో, కొడుక్కి మర్యాదలు నేర్పే చోటల్లా ఫ్రెంచి మాటలు దొర్లుతాయి. 1720ల నాటి ఒక ఫ్రెంచి ప్రహసనం పేరు నుంచి ‘ఆంబరా ద రిషెస్’ వచ్చింది. ఎంచుకోలేనంత సమృద్ధి అని దాని భావం. 19వ శతాబ్దం తొలినాళ్లలో ‘పార్వెన్యూ’, ‘నూవో రిష్’ వచ్చాయి. రెండూ కొత్తగా డబ్బు చేసినవాణ్ని, పాత డబ్బున్నవాడు తన సరసన కూర్చోనివ్వకుండా అనే మాటలు. పనివాళ్లు వినకూడని సంగతి వస్తే ‘పా దెవాన్ లే దొమెస్తీక్’, అంటే నౌకర్ల ముందు వద్దు అని ఫ్రెంచిలోనే అనుకునే అలవాటు పెద్దిళ్లలో ఉండేది. ‘ద త్రో’ ఆ ఇళ్ల మాట. ఎదుటి మనిషి ఇక్కడ అదనం అని, అతనికి తెలియకుండా చెప్పడానికి పనికొచ్చింది. అందరికీ అర్థమైతే దానికి పని లేదు, కాబట్టే అది ఇంగ్లీషు కాలేదని నా నమ్మకం. మనమూ అతిని మందలించడానికి ‘అతి సర్వత్ర వర్జయేత్’ అని సంస్కృతంలోకి వెళ్తాం గానీ, అది విన్నవాడికి తెలియాలనే అంటాం.

ఇంగ్లీషులో సాటి మాట లేదన్నది సమర్థకుల రెండో వాదం. ‘ఆన్వీ’ (ఏమీ తోచని విసుగు) ఇంగ్లీషు నేల మీద పెరిగిందే అయినా తమ భాషలో దానికి పేరు లేదని కవి బైరన్ 1823లో రాశాడు. కవికి ఆ మాట అవసరమే. దరఖాస్తు తిరస్కరించే గుమాస్తాకు ఆ అవసరం ఏమిటో ఎవరూ చెప్పరు. మిడిమిడి ఫ్రెంచి ప్రదర్శన గురించి ఇంగ్లీషు వాడుక నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే తేల్చాడు: చదువును ప్రదర్శించడం డబ్బును ప్రదర్శించినంత మోటు, ఇంకా చెప్పాలంటే అంతకంటే మోటు.

జీఆర్‌ఈ కోసం ‘ఆన్వీ’, ‘పాసే’ (పాతబడిపోయిన) లాంటి మాటలు కంఠతా పట్టి అమెరికా వెళ్లిన మన పిల్లలకు ఈ భారం బాగా తెలుసు. రాత ఒకటి, పలుకు ఒకటి. పలుకు తప్పితే ఆ మనిషి బయటివాడని వెంటనే తెలిసిపోతుంది.

ప్రస్తుత వాదనలో భాష పేదదైపోతుందన్న భయమే గట్టిగా వినిపిస్తోంది. 2022 నాటి న్యూజిలాండ్ చట్టం మాత్రం ప్రభుత్వ సంస్థలు ప్రజలకిచ్చే పత్రాలు చదివేవారికి తగినట్టు, స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలని కోరింది. కవులకూ నవలాకారులకూ పత్రికలకూ అది వర్తించలేదు.